పెరటి చెట్లను కత్తిరించు విధము

స్వయముగా నీరు పోసి పెంచిన చెట్టుపై కత్తి వేయుటకు మన కెవరికిని మనసొప్పదు. ఆ జాలి చేత ఏండ్ల తరబడి దానిని ముట్టక విడిచెదము. తుదకు కొమ్మలు ఇంటికప్పు మీదికి వాలినప్పుడు కూలివానిని పిలిచి, తలయంతయు నొక్కపూటలో నరికించి మోడు చేయింతుము. మొదటి జాలియే కడపటి క్రౌర్యమునకు కారణమగుచున్నది.

మా పెరటిలో అత్తగారు నాటిన మామిడిచెట్టు ఉండెడిది. దాని పెద్దకొమ్మ నొకదానిని, మానునొద్ద మూరెడు మొండి మిగులునట్లు నరికించితిమి. ఆకులు లేని యా మొండి పోషణము లేక యెండెను, పిమ్మట పుచ్చెను, ఆ పుచ్చు మెల్లగా మానులోనికి దిగెను. కొన్ని యేండ్లకు గాలివానలో చెట్టు సరిగా నాచోటనే చీలి కూలెను. ఆనాటి సాయంకాలము అత్తగారు దానిచెంత మౌనముగా కూర్చుండిన తీరు నేటికిని నాకు మరపు రాదు. కొమ్మను తీయించుటలో తప్పు లేదు. తీసిన చోటు తప్పు.

మన దేహమున గాయమైనచో అచ్చట క్రొత్త మాంసము పుట్టి మానును. చెట్టున కట్లు మానదు. అది గాయపడిన కొయ్యను లోపల గోడ కట్టినట్లు వేరుపరచి, పైన క్రొత్త బెరడును కప్పుకొనును. అమెరికా దేశపు అటవీశాఖలో పనిచేసిన అలెక్స్ షైగో అను శాస్త్రజ్ఞుడు అనేక వృక్షములను నిలువున కోసి పరిశీలించి, 1977లో ఈ సంగతిని విశదముగా ప్రకటించెను. గాయమునకు తారు గాని రంగు గాని పూసినంత మాత్రమున పుచ్చు ఆగదనియు ఆయన చూపెను.

కొమ్మ మానును కలియుచోట ఉబ్బెత్తుగా నొక వలయము కనబడును. క్రొత్త బెరడు అచ్చటినుండియే బయలుదేరును. కనుక ఆ వలయమును గాయపరుపక, దానికి వెలుపల ఆనుకొని కోయవలెను. మొండి మిగులరాదు, మానుతో సమముగా చెక్కివేయనురాదు.

బరువైన కొమ్మను ఒక్క కోతతో తీసినచో అది విరిగి పడుచు మాను బెరడును చీల్చుకొనిపోవును. మానునకు అడుగెడు దూరమున ముందు క్రిందివైపునుండి మూడవవంతు లోతు రంపముతో కోయవలెను. దానికి రెండంగుళములు వెలుపల పైనుండి కోసినచో కొమ్మ నిరపాయముగా రాలును. మిగిలిన ముక్కను పిమ్మట వలయమునొద్ద తీయవచ్చును.

ఏవి తీయవలెను? ఎండినవి, తెగులు సోకినవి, ఒకదానితో నొకటి రాచుకొనునవి, నడుమకు పెరిగి వెలుతురు నడ్డగించునవి. నిట్టనిలువుగా నేపుగా లేచు నీటికొమ్మలు. అంటు కట్టిన చోటునకు దిగువ మొలచు పిలకలు. బదనిక పట్టిన కొమ్మను అది అంటుకొన్న చోటునకు దిగువగా కోయవలెను. ఆకే చెట్టునకు వంటయిల్లు. కావున ఒక యేట పచ్చని కొమ్మలలో నాలుగవవంతునకు మించి తీయరాదు.

కాల మెరిగి కోయుటయు ముఖ్యము. మామిడి ముదిరిన రెమ్మల కొనలయందు పూయును. కాపు ముగిసిన వెంటనే, జూలై నాటికి, కత్తిరించినగాని క్రొత్త రెమ్మలు పూతకాలమునకు ముదురవు. జామ క్రొత్త చిగుళ్లతోనే పూయును; కాపు దిగినపిమ్మట కొనలు కత్తిరించిన చాలును. మల్లెను చలికాలమున కొన్నాళ్లు నీరాపి కత్తిరించినచో వేసవికి విరగబూయును. మునగ కొయ్య పెళుసు గనుక, మూడడుగుల నాడే తల త్రుంచి గుబురుగా పెంచవలెను. కరివేపాకునకు తల త్రుంచిన ప్రక్కరెమ్మలు హెచ్చును.

కత్తెర పదునుగాను శుభ్రముగాను ఉండవలెను. తెగులు కొమ్మను కోసిన వెంటనే దానిని స్పిరిటుతో తుడువవలెను. కోయుటకు ముందు కొమ్మలలో పక్షిగూడు కలదేమో చూడవలెను. విద్యుత్తు తీగల చెంతనున్న కొమ్మల జోలికి మనము పోక, ఆ శాఖవారికి తెలుపవలెను.

సోదరీమణులారా! గోటితో పోవుదానికి గొడ్డలి యేల యని పెద్దలందురు. ఈ సామెత పెరటియందు అక్షరాల నిజము. నేడు చిటికెలో త్రుంచదగిన చిగురే పదియేండ్లకు రంపమునకు లొంగని కొమ్మ యగును. కూలిన మామిడి చోట మరియొక యంటు నాటితిమి. నెల కొకసారి దానిచుట్టు తిరిగి, లోపలికి పెరుగు చిగుళ్లను గోట గిల్లివేయు పని అత్తగారే చేయుచున్నారు.