నీ బిడ్డ నీ ముఖము చూస్తున్నాడా?



దావీదు అబ్షాలోము కొరకు ఏడ్చిన ఏడ్పును గూర్చి మనము ఎన్నో ప్రసంగాలు విన్నాము. గుమ్మము మీది గదికి ఎక్కుతూ, కుమారుని పదే పదే పిలుస్తూ, వాని బదులు తానే చనిపోతే బాగుండునని ఆ తండ్రి విలపించాడు (2 సమూయేలు 18:33). అయితే అంతకుముందు జరిగిన సంగతిని మనము అంతగా ధ్యానించము.

అమ్నోనును చంపించిన తరువాత అబ్షాలోము గెషూరులో మూడేండ్లు తలదాచుకున్నాడు. కుమారుని కొరకు దావీదు మనసు కొట్టుకున్నది. తీరా యోవాబు అతనిని తీసికొనివస్తే, తన ముఖము చూడవద్దన్నాడు. ఒకే యెరూషలేములో నిండా రెండేండ్లు కొడుకు తండ్రి ముఖము చూడలేదు (14:28). యోవాబు యవల చేనికి నిప్పు పెట్టిస్తేగాని పిలుపు రాలేదు. దావీదుకు ప్రేమ లేక కాదు. తన ప్రేమను, తన గాయమును నోరు తెరిచి చెప్పలేకపోయాడు. గది మెట్ల మీద అన్న మాటలు కొడుకు బ్రతికి ఉండగా విన్నట్లు వాక్యములో ఎక్కడా లేదు.

ఈ భాగము నన్ను గద్దించిన రోజు ఒకటుంది. కొన్నేళ్ల క్రితం మా చిన్నవాడు సరుకులకు వెళ్లి ఐదు వందల నోటు పోగొట్టుకొని వచ్చాడు. చెంప మీద కొట్టాను. తరువాత మూడు రోజులు వానితో మాట్లాడలేదు. మూడవ రాత్రి నా భార్య మెల్లగా అడిగింది: "ఏమండీ, ఆ కోపం నిజంగా వాడి మీదేనా?"

కాదు. ఆ ఉదయమే సంఘ లెక్కల విషయంలో ఒకరు అన్న మాట నా గుండెలో ముల్లులా ఉంది. మా నాన్నగారు కూడా కోపం వస్తే వారాల తరబడి మాట్లాడేవారు కాదు. అన్నం ముందు కూర్చొని ఆయన ముఖము వైపు చూస్తూ ఉండేవాణ్ణి. నేను పడిన బాధనే నా బిడ్డకు పెట్టానని ఆ రాత్రి మోకాళ్ల మీద తెలిసింది.

తెల్లవారి వానిని పిలిచి, "నోటు జాగ్రత్త చేయకపోవడం నీ తప్పే. కానీ వేరేవాళ్ల మీది కోపం నీ మీద చూపించాను. అది నా తప్పురా. క్షమించు" అన్నాను. వాడు, "అయితే ఇక మాట్లాడతావా నాన్నా?" అన్నాడు. దెబ్బ కంటే ఆ మౌనమే వానికి ఎక్కువ నొప్పి. మర్నాడు మళ్లీ డబ్బిచ్చి వానినే కొట్టుకు పంపాను.

తండ్రులు పిల్లల మనసు క్రుంగునట్లు కోపము రేపవద్దని పౌలు హెచ్చరించాడు (కొలస్సీ 3:21). కాబట్టి చెయ్యి ఎత్తక ముందు, "ప్రభువా, ఈ కోపము ఎవరిది?" అని అడుగుదాము. తప్పు చేస్తే సూర్యుడు అస్తమించక ముందే బిడ్డతో ఒప్పుకొందాము. అలాగని మన అప్పులు, తగాదాలు పసివారి నెత్తిన పెట్టకూడదు. ఆ భారము దేవుని యొద్దకు, నమ్మదగిన పెద్దల యొద్దకు తీసికొనిపోవాలి. మన తల్లిదండ్రుల వలన కలిగిన పాత గాయములను దాచిపెట్టక ఆయనకు చూపుదాము. విరిగిన గుండెలను బాగుచేయువాడు ఆయనే.

ఈ రాత్రి కుటుంబ ప్రార్థన అయిన తరువాత మీ బిడ్డను దగ్గరకు పిలవండి. చెప్పవలసిన మాట ఈ రాత్రే చెప్పండి. ప్రభువు మీ గృహమును దీవించును గాక. ఆమేన్.