ఎంపిక తర్వాత ఏమిటి? ఐస్ హాకీలో వర్ధమాన క్రీడాకారుల శిక్షణ

ప్రతిభను గుర్తించడం, దాన్ని పెంపొందించడం వేర్వేరు పనులు. ఈ తేడాను ఒక ఉదాహరణ ద్వారా పరిశీలిద్దాం.

ఉత్తర అమెరికాలో ఐస్ హాకీకి అగ్రస్థాయి పోటీ నేషనల్ హాకీ లీగ్. ఇందులోని జట్లు ఏటా 'డ్రాఫ్ట్' ద్వారా, ఎక్కువగా 18 ఏళ్ల వయసు ఆటగాళ్లను వంతులవారీగా ఎంచుకుంటాయి. ఎంపికైనంత మాత్రాన జట్టులో చోటు దొరకదు. ఆ ఆటగాడితో ఒప్పందం చేసుకునే హక్కు మాత్రమే జట్టుకు లభిస్తుంది. ఎక్కువమంది మరికొన్నేళ్లు జూనియర్ లీగుల్లోనో, విశ్వవిద్యాలయాల్లోనో, స్వదేశంలోనో ఆడతారు. తర్వాత చాలామంది అమెరికన్ హాకీ లీగ్‌లోని అనుబంధ జట్టులో రాటుదేలుతారు.

డెట్రాయిట్ రెడ్ వింగ్స్ 1999లో స్వీడన్‌కు చెందిన హెన్రిక్ జెటర్‌బెర్గ్‌ను 210వ ఆటగాడిగా ఎంచుకుంది. అతడు 2002 వరకు స్వదేశంలోనే ఆడాడు. 2008లో డెట్రాయిట్ స్టాన్లీ కప్ గెలిచినప్పుడు ప్లేఆఫ్స్‌లో అత్యుత్తమ ఆటగాడిగా నిలిచాడు. 2009లో ఎంపికైన టామస్ టాటర్ మాత్రం అనుబంధ జట్టు గ్రాండ్ రాపిడ్స్ గ్రిఫిన్స్‌లో ఎదిగాడు. 2013లో ఆ జట్టును తన లీగ్ విజేతగా నిలిపి, తర్వాతి సీజన్‌లో డెట్రాయిట్‌లో స్థిరపడ్డాడు.

ఇంత నిరీక్షణ ఎందుకు? తొందరపడి పై జట్టులోకి తీసుకున్న కుర్రవాడు బెంచీ మీదే ఎక్కువసేపు గడపవలసి రావచ్చు. కింది జట్టులో కీలక సమయాల్లో ఆడతాడు, తప్పులు చేసి దిద్దుకుంటాడు.

అయితే ఒక విషయం మరవకండి. ఈ నిరీక్షణకు మూల్యం చెల్లించేది ఆటగాడే. ఎంపికైనవారిలో చాలామంది పై స్థాయిలో స్థిరపడలేరు. కాబట్టి ఏ అంశంలో మెరుగుపడాలో ఆటగాడికి స్పష్టంగా చెప్పాలి. అలా చెప్పకపోతే అది శిక్షణ కాదు, అతణ్ణి ఆపి ఉంచడమే.

మీ ప్రగతిని సరిచూసుకోండి: ఎంపికకు, శిక్షణకు గల తేడాను సోదాహరణంగా వివరించండి.