త్రాగుడు వంశగుణమా?

పెండ్లి సంబంధము విచారించునపుడు పెద్దలు ఆస్తిపాస్తులతోపాటు ఒక మాట మెల్లగా అడుగుదురు: "పిల్లవాని తండ్రి త్రాగునట గదా?" త్రాగుడు నెత్తురులో వచ్చునను నమ్మకము ఆ ప్రశ్న వెనుక కలదు. ఇందు కొంత నిజము లేకపోలేదు. కాని ఆ నిజమెంతయో విచారింపక ఒక యువకునిపై ముద్ర వేయుట న్యాయము కాదు.

త్రాగుబోతు ఇంట పెరిగిన బిడ్డ త్రాగుట నేర్చినచో, అది తండ్రి రక్తము వలననా, తండ్రిని చూచుట వలననా? ఒకే యింట ఈ రెండును పెనవేసికొని యుండును. వీనిని విడదీయుటకు డెన్మార్కు దేశమునందలి దత్తత దాఖలాలు అక్కరకు వచ్చినవి. పుట్టిన ఆరు వారములలోపుననే కన్నవారికి దూరమై, పరుల యిండ్ల పెరిగిన మగపిల్లలను, వారు పెద్దవారైన పిదప గుడ్విన్ అను వైద్యుడును ఆయన సహచరులును పరీక్షించి, 1973లో ఫలితములను ప్రకటించిరి. మద్యవ్యసనమునకై వైద్యశాలలో చేరిన తల్లికో తండ్రికో పుట్టినవారు 55 మంది. వారిలో నూటికి 18 వంతున వ్యసనపరులైరి. అట్టి కన్నవారు లేని 78 మందిలో నూటికి 5 వంతున మాత్రమే. రక్తపు పలుకుబడి స్పష్టమే. ఐనను ఆ లెక్కనే తిరగవేసి చూడుడు: మొదటి వర్గమున నూటికి 82 మంది ఆ వ్యసనమున పడనేలేదు!

మరి సంక్రమించునదేమి? మద్యమును దేహము స్వీకరించు తీరు. మద్యము కాలేయమున మొదట ఎసిటాల్డిహైడు అను విషపదార్థముగా మారును. పిదప వేరొక ఎంజైము దానిని నిరపాయమైన ఎసిటేటుగా మార్చును. జపాను, చైనా, కొరియా జాతులలో నూటికి సుమారు 36 మందికి ఈ రెండవ ఎంజైము సరిగా పనిచేయదు. ఒక జన్యువులో ఒక్క అక్షరము మారుటయే ఇందుకు హేతువు. వారు కొంచెము పుచ్చుకొన్నను మొగము జేవురించును, గుండె దడదడలాడును, కడుపులో త్రిప్పును. త్రాగుడు మాన్పించుటకు వైద్యులిచ్చు డైసల్ఫిరాం అను మందు చేయు పనియు ఇదియే. ఆ మందు వారికి పుట్టుకతోనే లభించినదనవచ్చును. మనదేశమున ఈ మార్పు బహు అరుదు.

ఈ కవచమైనను అభేద్యము కాదు. ఈ మార్పును తల్లిదండ్రులలో ఒకరినుండి పొందినవారు జపానులోని మద్యవ్యసన రోగులలో 1979లో నూటికి 2.5 వంతున ఉండిరి. 1986 నాటికి 8, 1992 నాటికి 13 వంతునకు పెరిగిరి. పదమూడేండ్లలో ఒక జాతి జన్యువులు మారవు గదా! మారినవి త్రాగుటకు ప్రేరేపించు పరిస్థితులే. పైగా దేహము వలదన్నను త్రాగు ఇట్టివారికి అన్నవాహిక క్యాన్సరు ముప్పు హెచ్చు.

కవలలను పోల్చిన పరిశోధనలు మద్యవ్యసనమున వంశపు పాలు ఇంచుమించు సగమని తేల్చినవి. అదియు ఒక జన్యువు పని కాదు. అనేక జన్యువులు కలిసి, ఒక్కొక్కటి కొద్దికొద్దిగా చేయు పని. మిగిలిన సగము ఇల్లు, స్నేహితులు, సారాయి అందుబాటు మున్నగు వానిది.

మనవారు పొరబడు విషయమొకటి కలదు. "ఎంత పట్టించినను తూలడు" అని స్నేహితులు మెచ్చుకొను యువకుని చూచి యుందురు. అమెరికాలో షుకిట్ అను వైద్యుడు వ్యసనపరుల కుమారులను పరీక్షింపగా, అదే మోతాదు త్రాగిన తక్కినవారికంటె వారిలో పలువురికి మత్తు తక్కువగా తెలిసెను. అట్లు తక్కువ తెలిసినవారే ముందుముందు వ్యసనమున ఎక్కువగా పడిరి. "ఇక చాలును" అని దేహము చేయు హెచ్చరిక తోడివారికి రెండవ గ్లాసుకే అందగా, ఇతనికి నాలుగవదానికిని అందదు. అందులకే ఇతడు ఐదవది కూడ అడుగును.