రక్షణ, విమానరంగ సంస్థల మూల్యాంకనంలో ‘సంస్థా విలువ’: బయానా సొమ్ము కోణం నుంచి ఒక పరిశీలన

కీలకపదాలు: సంస్థా విలువ, మార్కెట్ విలువ, నికర అప్పు, బయానా, స్పిరిట్ ఏరోసిస్టమ్స్, భారత్ డైనమిక్స్.

1. ప్రవేశిక

2024 జులై 1న అమెరికాకు చెందిన బోయింగ్, తన 737 విమానాలకు ఫ్యూజిలేజ్‌లను తయారుచేసి ఇచ్చే స్పిరిట్ ఏరోసిస్టమ్స్‌ను కొనుగోలు చేయనున్నట్లు ప్రకటించింది. ఆ ప్రకటనలో ఒకే సంస్థకు రెండు విలువలు కనిపిస్తాయి. షేరుకు 37.25 డాలర్ల చొప్పున కట్టిన వాటాల విలువ దాదాపు 470 కోట్ల డాలర్లు. మొత్తం లావాదేవీ విలువ మాత్రం దాదాపు 830 కోట్ల డాలర్లు. ఈ రెండింటి నడుమ ఉన్న సుమారు 360 కోట్ల డాలర్లు స్పిరిట్ మీద ఉన్న నికర అప్పు, అంటే చేతిలోని నగదు పోగా మిగిలే అప్పు.

తాకట్టులో ఉన్న ఇంటిని కొన్నవారు యజమానికి ఇచ్చే సొమ్ముతో బాధ్యత తీరిపోదు, తాకట్టునూ విడిపించుకోవాలి. ఆ ఇంట్లోనే నగదు పెట్టె ఒకటి దొరికితే ఆ మేరకు భారం తగ్గుతుంది. ఆంగ్లంలో ‘ఎంటర్‌ప్రైజ్ వాల్యూ’ అనే భావన సారాంశం ఇదే. వాటాల మార్కెట్ విలువకు అప్పులను కలిపి, నగదును తీసివేయగా వచ్చేది ఆ విలువ. ప్రాధాన్య వాటాలు, అనుబంధ సంస్థల్లో ఇతరులకున్న వాటా ఉంటే వాటినీ కలుపుతారు.

దీనిని తెలుగులో ‘సంస్థాగత విలువ’ అనడం సరికాదని నా అభిప్రాయం. ‘సంస్థాగత మదుపరులు’ అన్న ప్రయోగంలో ఆ విశేషణం ఇప్పటికే వేరొక అర్థంలో స్థిరపడింది. అందువల్ల ఈ వ్యాసంలో ‘సంస్థా విలువ’ అనే పదాన్ని వాడుతున్నాను.

2. బయానా ఎవరి సొమ్ము?

ఈ సూత్రం సబ్బుల కంపెనీకి, సిమెంటు కంపెనీకి చాలావరకు సరిపోతుంది. రక్షణరంగానికి వచ్చేసరికి ‘నగదును తీసివేయగా’ అన్న చోట చిక్కు మొదలవుతుంది.

హైదరాబాదు కేంద్రంగా 1970లో ఏర్పడిన భారత్ డైనమిక్స్ లిమిటెడ్‌ను తీసుకుందాం. సైన్యానికి రెండు రెజిమెంట్ల ఆకాశ్ ఆయుధ వ్యవస్థల కోసం రక్షణ మంత్రిత్వశాఖ 2023 మార్చిలో ఈ సంస్థతో 8,160 కోట్ల రూపాయలకు పైబడిన ఒప్పందం చేసుకుంది. క్షిపణులు అంగట్లో సిద్ధంగా దొరికే సరకు కావు. ఒప్పందానికీ అప్పగింతకూ మధ్య ఏళ్లు గడుస్తాయి. ఈలోగా విడిభాగాలు కొనాలి, పరీక్షలు జరపాలి. అందుకే ఇటువంటి ఒప్పందాల్లో కొనుగోలుదారు ముందుగానే కొంత సొమ్ము చెల్లించడం ఈ రంగంలో పరిపాటి. ఆ సొమ్ము ఆస్తి అప్పుల పట్టికలో ఒకవైపు బ్యాంకు నిల్వగాను, మరోవైపు ఖాతాదారుకు తీర్చవలసిన బాధ్యతగాను నమోదవుతుంది. సంస్థా విలువను యాంత్రికంగా లెక్కించేవారు మొదటిదాన్ని తీసివేస్తారు. వడ్డీ లేదు కనుక రెండవదాన్ని అప్పుగా కలపరు.

ఫలితం ఎలా ఉంటుందో ఊహాసంఖ్యలతో చూడవచ్చు. ఒక సంస్థ మార్కెట్ విలువ 1,000 కోట్లు, అప్పు 100 కోట్లు, నగదు 400 కోట్లు. సూత్రం ప్రకారం సంస్థా విలువ 700 కోట్లు. వడ్డీ, పన్ను, తరుగుదలలకు ముందున్న వార్షిక లాభం 50 కోట్లయితే, ఆ సంస్థ లాభానికి 14 రెట్ల ధర పలుకుతున్నట్లు. అయితే ఆ నగదులో 300 కోట్లు అడ్వాన్సు అనుకుందాం. దానిని బాధ్యతగా గుర్తించి తిరిగి కలిపితే విలువ 1,000 కోట్లకు, గుణకం 20 రెట్లకు చేరుతుంది. చవక అనిపించిన షేరు ఒక్క పద్దుతో ఖరీదైనదిగా మారింది.

తెలుగు వ్యవహారంలో ‘బయానా’ అన్న మాట ఈ విషయాన్ని చక్కగా పట్టుకుంది. బయానా పుచ్చుకున్నవారి చేతిలో సొమ్ము ఉంటుంది కానీ, సరకు అప్పగించేదాకా అది పూర్తిగా వారిది కాదు. ‘నగదు నిల్వలు’ అనే పత్రికాపదం ఆ తేడాను చెరిపివేస్తుంది.

అలాగని బయానా మొత్తాన్నీ అప్పుగా లెక్కించడమూ అతిశయమే. అది తీరేది నగదుతో కాదు, క్షిపణితో. ఆ క్షిపణి తయారీకయ్యే ఖర్చు అడ్వాన్సుకన్నా తక్కువైతే మిగిలింది సంస్థ లాభం. పాత ఒప్పందం ముగిసేలోగా కొత్త బయానా వస్తూ ఉంటే అది వడ్డీలేని పెట్టుబడిగానే కొనసాగుతుంది. ఆర్డర్ల రాక మందగించిన ఏడాది మాత్రం నగదు వేగంగా కరిగిపోతుంది. కాబట్టి ఒక్క మార్చి 31 నాటి నిల్వను చూడక, నాలుగైదేళ్ల అడ్వాన్సులను, చేతిలో ఉన్న ఆర్డర్లను పక్కపక్కన పెట్టి చూడడమే మేలని నేననుకుంటాను.

3. సూత్రంలో కనిపించని భారం

స్పిరిట్ ఉదంతం మరొక లోతును చూపుతుంది. ఈ సంస్థ 2005లో బోయింగ్ నుంచే విడిపోయింది. 2024 జనవరి 5న అలాస్కా ఎయిర్‌లైన్స్ విమానం గాలిలో ఉండగా తలుపు స్థానంలోని పలక ఊడిపోయింది. ఆ తరువాత తయారీ నాణ్యతపై తనిఖీలు పెరిగి, స్పిరిట్ నగదుకు కటకటలాడింది. ఏప్రిల్‌లో బోయింగే 42.5 కోట్ల డాలర్లు అడ్వాన్సుగా సర్దింది. ఇది కొత్త ఆర్డరుతో వచ్చిన బయానా కాదు. ఇబ్బందిలో ఉన్న సరఫరాదారును నిలబెట్టిన చేబదులు వంటిది. పట్టికలో రెండింటి పేరూ ‘అడ్వాన్సు’ కావడం గమనార్హం.

ఇంకా విచిత్రమైనది ఎయిర్‌బస్ వాటా. స్పిరిట్‌లో తనకు సంబంధించిన ఎ350, ఎ220 విమానభాగాల తయారీని తీసుకోవడానికి ఎయిర్‌బస్ చెల్లించేందుకు అంగీకరించినది నామమాత్రంగా ఒక్క డాలరు. పైగా స్పిరిటే ఎయిర్‌బస్‌కు 55.9 కోట్ల డాలర్లు ఇవ్వాలని తొలి ఒప్పందం. 2025 ఏప్రిల్ నాటి తుది ఒప్పందంలో అది 43.9 కోట్లకు తగ్గింది. యంత్రాలు, నిపుణులు, ఏళ్ల తరబడి ఆర్డర్లు ఉన్న వ్యాపారానికి ఎదురు సొమ్ము ఎందుకు ఇవ్వవలసి వచ్చింది? ముందే ఖరారైన ధరలకు భాగాలను సరఫరా చేయడంలో ఖర్చు ధరను మించిపోయింది. అటువంటి స్థితిలో చేతిలో ఉన్న ప్రతి ఆర్డరూ రాబోయే నష్టమే. ఈ నష్టం బ్యాంకు రుణం కాదు కనుక నికర అప్పు లెక్కలోకి రాదు. బోయింగ్ కొనుగోలు 2025 డిసెంబరులో పూర్తయ్యేనాటికి ఆ తయారీ కేంద్రాలు ఎయిర్‌బస్ చేతికి వెళ్లాయి.

భారత ప్రభుత్వరంగ సంస్థల విషయంలో మరొక చిన్న మాట. భారత్ డైనమిక్స్ 2018లో స్టాక్ మార్కెట్‌లో నమోదైనప్పటికీ, దాదాపు నాలుగింట మూడు వంతుల వాటా ఇప్పటికీ ప్రభుత్వానిదే. చేతులు మారే కొద్దిపాటి షేర్ల ధరనే మొత్తం షేర్లకు వర్తింపజేసి మార్కెట్ విలువ కడతాం. సంస్థా విలువ సూత్రంలో మొదటి అంకె అదే. దాని తరువాతి అంకెల్లో ‘నగదు’ అన్నచోట ఆగి, వార్షిక నివేదికలో ఖాతాదారుల అడ్వాన్సుల పద్దు ఎక్కడుందో వెదకడం పాఠకుడు స్వయంగా చేయగల పనే.