గోదాములో లాగుడు బండ్లు

జూన్, జూలై మాసములలో చిత్తూరునుండి బంగారుపాళెము మీదుగా ప్రయాణము చేసినవారికి మామిడికాయల లారీల బారులు కనబడకపోవు. అందు హెచ్చుభాగము తోతాపురి, అనగా మన ప్రాంతమువారు బెంగళూరా అని పిలుచు కాయ. ముక్కలు కోసి ఉప్పు కారము అద్దుకొని తినుటకు కొన్ని పోగా, తక్కినవి గుజ్జు కర్మాగారములకు చేరును. గుజ్జయిన పిమ్మట దాని గతి ఏమగునో బాటసారికి తెలియదు. సూక్ష్మజీవులు చొరకుండ శుద్ధిచేసిన సంచిలో గుజ్జు నింపి, ఆ సంచిని ఇనుప పీపాలో నిలిపి మూత బిగింతురు. ఒక్కొక్క పీపాలోని గుజ్జు సుమారు 215 కిలోలు. విదేశమునకు పోవు ఇరువది అడుగుల కంటెయినరు ఒకటి నిండుటకు ఇట్టివి 80 పీపాలు కావలెను.

వీపు మీద మోయదగిన బరువు కాదిది. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1967లో చేసిన సిఫారసు ననుసరించి వయోజనుడైన పురుషుడు మోయదగిన గరిష్ఠ భారము 55 కిలోలు. మన హమాలీ సోదరులు దానిని మించిన బస్తాలను వీపున వేసికొని పలక మీదుగా లారీ ఎక్కిన దినములు మన మెరుగనివి కావు. పీపా విషయములో ఆ సాహసమునకు తావే లేదు. దొర్లించవలెను, లేదా బండి ఎక్కించవలెను. దొర్లించు పీపా కాలి మీదికి వచ్చినచో ఎముక మిగులదు.

సాధారణముగా నాలుగు పీపాలను ఒక కొయ్య పలక, అనగా పాలెట్, మీద నిలుపుదురు. దానిని ఎత్తుటకు ఫోర్కులిఫ్టు కావలెను. అందు సందేహము లేదు. అయితే ఎత్తిన దానినే ఆ మూలనుండి ఈ మూలకు మోయించుట తెలివైన పనియా? గోదాముకును కంటెయినరుకును నడుమ 150 మీటర్ల దూర మున్నదనుకొందము. 80 పీపాలన్న 20 పాలెట్లు. ఫోర్కులిఫ్టు ఒక మారునకు ఒక పాలెట్ వంతున 20 మార్లు పోయి రావలెను. మొత్తము ఆరు కిలోమీటర్లు. ఒక చిన్న లాగుడు ట్రాక్టరుకు మూడు ట్రాలీలు తగిలించినచో ఏడు మార్లలో, రెండు కిలోమీటర్ల పైచిలుకు నడకతో, పని తీరును. ఫోర్కులిఫ్టు ఎత్తుటకు, దించుటకు మాత్రమే మిగులును. విమానము దిగినవారు సామాను తొట్లను వరుసగా లాగికొనిపోవు పొట్టి బండిని చూచియే యుందురు. నేను చెప్పునది ఆ జాతి బండిని గూర్చి. పొలము దున్ను ట్రాక్టరును గూర్చి కాదు. దున్ను ట్రాక్టరునే గోదాములోనికి తోలుకొనివచ్చువారును కలరు. దాని పొగ, దాని మలుపు, రెండును గోదామునకు తగవు.

దూరము ముప్పది నలువది మీటర్లే యైనచో ఈ ఆర్భాటమంతయు వలదు. చేతితో నడుపు పాలెట్ ట్రక్కు చాలును. చిత్తూరు బెల్లము మండీలలో అరుగునుండి లారీకి పోవు సరకునకు రెండు చక్రముల తోపుడు బండియే ఉత్తమము.

ఇక ట్రాక్టరు కొనదలచినవారు మొట్టమొదట అడుగు ప్రశ్న "ఎన్ని టన్నులు లాగును?" అని. అమ్మువాడు చెప్పు అంకె చదునైన, పొడియైన నేలకు సంబంధించినది. మన గోదాములు అట్లుండునా? కొంచెము లెక్క వేయుదము. మంచి సిమెంటు నేలపై ఒక టన్ను బరువును లాగుటకు సుమారు 20 కిలోల లాగుడు చాలును. కాని నేల నూరడుగులకు ఒక అడుగు ఎత్తు పెరిగినచో, ఆ ఒక్క అడుగునకే టన్నుకు మరి 10 కిలోలు చేరును. నాలుగు పీపాలతో కూడిన ట్రాలీ బరువు 1,100 కిలోలు. మూడు ట్రాలీలు 3,300. ట్రాక్టరు తాను ఒక టన్ను. మొత్తము 4,300 కిలోలు. చదునుపై దీనికి 86 కిలోల లాగుడు చాలును. ఇరువది అడుగులకు ఒక అడుగు లేచు వాలుపై 300 కిలోలు కావలెను. కంటికి ఆననంత వాలు బరువును మూడున్నర రెట్లు చేసినదన్నమాట.

ఆ 300 కిలోలను ఇంజను ఇచ్చినంత మాత్రమున సరిపోదు. చక్రము నేలను పట్టవలెను. ట్రాక్టరు బరువులో 600 కిలోలు నడుపు చక్రములపై పడినచో, పొడి నేలపై ఇంచుమించు 360 కిలోల పట్టు దొరకును. గుజ్జు కర్మాగారములో నేలను మాటిమాటికి కడుగుదురు. తడి నేలపై ఆ పట్టు సగమై 180కి దిగును. చక్రము గిరగిర తిరుగును, బండి కదలదు.

కదలకపోవుట నష్టమే గాని అపాయము కాదు. అపాయము దిగునప్పుడు. అదే వాలుపై అదే బరువు ట్రాక్టరును వెనుకనుండి నెట్టును. ట్రాలీలకు బ్రేకులు లేక, ట్రాక్టరు నడుపు చక్రములకు మాత్రమే ఉన్నచో, మనిషి నడకకన్న కొంచెము హెచ్చు వేగముతో, అనగా గంటకు ఏడు కిలోమీటర్ల వేగముతో, దిగుచున్న బండ్ల వరుస పొడి నేలపై నాలుగు మీటర్లలో ఆగును. తడి నేలపై పదునేడు మీటర్లు పోవును. ఒక గోదాములో, పేరు చెప్పను, ఇట్టి వరుస వాలు దిగి గోడను తాకుట నేను కన్నులార చూచితిని. గోడ ప్రక్క నిలుచున్న కుర్రవాడు పీపా మీదికి దుమికి బ్రతికెను. యజమాని ఆ తరువాత కొన్నది పెద్ద ట్రాక్టరును. కొనవలసినది బ్రేకులు గల ట్రాలీలు. తగ్గించవలసినది ఒక మారునకు లాగు బరువు.

ట్రాలీలను గూర్చి కొనువారు ఏమరుచుందురు. అవి ఇనుప చట్రములే గదా అని. ముందు ఇరుసు మాత్రమే తిరుగు ట్రాలీ మలుపులో లోపలి ప్రక్కకు కోసికొనిపోవును. రెండవది మరికొంత, మూడవది ఇంకను లోనికి వచ్చి స్తంభమును గీరును. ముందు వెనుకల ఇరుసులు రెండును తిరుగు ట్రాలీలు ఇంచుమించు ఒకే జాడలో నడుచును, వెల హెచ్చు. చక్రము చిన్నదైనకొలది నేలలోని పగులు దానికి పెద్ద గుంట యగును. కావున గచ్చు పగిలినచోట రబ్బరు తొడిగిన పెద్ద చక్రమే మేలు.

డీజిలా, బ్యాటరీయా అను చర్చ మూసిన గోదాములో చేయదగినదే కాదు. తినుబండారముల నడుమ పొగ, అందు కార్బన్ మోనాక్సైడు అను విషవాయువు తగవు. బ్యాటరీకి దాని నియమములు దానికి కలవు. సీసపు బ్యాటరీ చార్జి యగునప్పుడు హైడ్రోజను వెలువడును. గాలిలో అది నూటికి నాలుగు పాళ్లు చేరినచో నిప్పురవ్వకు ప్రేలును. కాబట్టి చార్జి చేయు చోట పైకప్పు దగ్గర గాలి పోవు మార్గముండవలెను; బీడీ ముట్టించరాదు. మన రేణిగుంట ఎండలు మరియొక శత్రువు. వేడిమి పది డిగ్రీలు నిలకడగా పెరిగినచో ఇట్టి బ్యాటరీ ఆయువు ఇంచుమించు సగమగును. రేకుల షెడ్డు క్రింద చార్జి పెట్టి, రెండేండ్లకే చెడినదని తయారుచేసినవారిని నిందించుట న్యాయము కాదు. తిరుపతి చెంత కరకంబాడిలోనే బ్యాటరీల కర్మాగార మున్నది గనుక అడిగి తెలిసికొనుట మనకు దూరాభారము కాదు.

బండి చూపుటకు వచ్చినవానిని నున్నని వరండాలో త్రిప్పి చూపనీయకుడు. మీ గోదాములోని మిక్కిలి నిటారైన వాలు మీద నాలుగు బిందెల నీళ్లు పోయించుడు. ట్రాలీలకు నిండు పీపాలు ఎక్కించి, క్రింద మనుష్యులెవ్వరును లేకుండ చూచి, నడుమ ఆపి మరల కదల్చుమనుడు. దిగునప్పుడు ఎచ్చట ఆగినదో సుద్దముక్కతో గీత గీయించుడు. దినమెల్ల దానిని నడుపబోవు హమాలీని ఆ సమయమున ప్రక్కనే నిలిపి, బేరమునకు ముందు అతని మాట వినుడు.