బావిని బట్టి బీరు

బీరులో నూటికి 90 పాళ్లకు పైగా నీళ్లే. మాల్ట్ (మొలకెత్తించి ఎండబెట్టిన గింజలు) గురించీ హాప్స్ (చేదునిచ్చే పూలు) గురించీ గంటలకొద్దీ వాదించుకునే ఇంటి బ్రూయర్లు నీళ్ల సంగతి మాత్రం చివరికి గాని పట్టించుకోరు. నిజానికి ఏ ఊరికి ఏ బీరుతో పేరు రావాలో చాలాచోట్ల తేల్చింది ఆ ఊరి బావులే.

◆ ఇంగ్లండులోని బర్టన్-అపాన్-ట్రెంట్ అడుగున జిప్సం పొరలున్నాయి. అందుకే అక్కడి బావినీళ్లలో సల్ఫేటు లీటరుకు 600 మిల్లీగ్రాములు, ఒక్కోచోట ఇంకా ఎక్కువ. హాప్స్ చేదుకు పదును పెట్టేది ఈ సల్ఫేటే. 19వ శతాబ్దంలో బర్టన్ పేల్ ఏల్‌కు ఎంత గిరాకీ అంటే, లండన్ కంపెనీలు కొన్ని ఏకంగా బర్టన్‌కే వచ్చి బ్రూవరీలు పెట్టుకున్నాయి. 1878లో సి. డబ్ల్యు. విన్సెంట్ అనే రసాయన శాస్త్రవేత్త, ఊరు మారనక్కర్లేదు, నీళ్లలో జిప్సం కలిపితే చాలన్నాడు. ఆ పనికి ‘బర్టనైజేషన్’ అనే పేరు స్థిరపడింది. అసలు బర్టన్ ఏల్ గ్లాసులో పోయగానే అగ్గిపుల్ల గీసినప్పటి గంధకం వాసన గుప్పుమంటుంది. అభిమానులు దాన్నీ ముద్దుగా ‘బర్టన్ స్నాచ్’ అంటారు.

◆ ఊడలు దిగే వేళ వేరుశనగ చేనుకు ఎకరానికి 200 కిలోలు చల్లమని మన వ్యవసాయాధికారులు చెప్పేదీ జిప్సమే. బ్రూయర్‌కు కావలసింది ఆహారానికి పనికొచ్చే రకం, అదీ గ్రాముల్లో. 10 లీటర్లకు 1 గ్రాము వేస్తే లీటరుకు సుమారు 23 మిల్లీగ్రాముల కాల్షియం, 56 మిల్లీగ్రాముల సల్ఫేటు చేరతాయి. మరిగే నీళ్లలో కంటే చల్లటి నీళ్లలోనే ఇది బాగా కరుగుతుంది. తెలియనివాళ్లు నీళ్లు కాచాక వేసి, అడుగున మిగిలిపోయిందేమని తల పట్టుకుంటారు.

◆ బొహీమియాలోని ప్ల్జెన్ నీళ్లు ఇందుకు పూర్తిగా విరుద్ధం. వాటిలో లవణాలు లేనట్టే లెక్క. 1842 అక్టోబరు 5న బవేరియా బ్రూయర్ యోసెఫ్ గ్రోల్ లేతరంగు మాల్టుతో, సాజ్ హాప్స్‌తో అక్కడ కాచిందే తొలి పిల్స్‌నర్. ఈనాడు మన దుకాణాల్లో దొరికే లేత పసుపు లాగర్ బీర్లన్నీ దాని సంతతే.

◆ మ్యూనిక్, డబ్లిన్ నీళ్లలో బైకార్బొనేట్ ఎక్కువ. అది ఆమ్లాన్ని మింగేస్తుంది. లేత మాల్టుతో చేస్తే మాష్ (మాల్టు పిండిని వేడినీళ్లలో కలిపిన జావ) పీహెచ్, అంటే పులుపు కొలత, దిగనే దిగదు. మాడ్చిన నల్లటి గింజల్లో పులుపు ఎక్కువ కాబట్టి అవి పడ్డాక లెక్క సరిపోయేది. ఆ ఊళ్లకు నల్లబీర్ల పేరు వచ్చింది అలాగే. అప్పటి బ్రూయర్లకు పీహెచ్ అన్న ఊసే తెలియదు, నాలుక చెప్పినట్టు విన్నారంతే.

◆ ఆ పీహెచ్ పుట్టింది కూడా బీరు కంపెనీ పంచనే. కోపెన్‌హాగన్‌లోని కార్ల్స్‌బెర్గ్ ప్రయోగశాలలో ఎంజైముల మీద పనిచేస్తూ రసాయన శాస్త్రవేత్త సోరెన్‌సెన్ 1909లో ఆ కొలమానాన్ని ప్రతిపాదించాడు. దాన్ని కొలిచే మీటరుకు మాత్రం నిమ్మకాయలే కారణం: కాలిఫోర్నియాలో నిమ్మరసం పులుపు కొలవడానికి ఆర్నాల్డ్ బెక్‌మన్ 1934లో తయారుచేశాడు.

◆ బోరు నీళ్లలో కందిపప్పు ఎంతకీ ఉడకదని మన ఇళ్లలో తెలియనివారుండరు. కాల్షియం పప్పులోని పెక్టిన్‌ను బిగించేస్తుంది. మాష్‌లో మాత్రం అదే కాల్షియం మంచి చేస్తుంది: మాల్టులోని ఫాస్ఫేట్లతో కలిసి అడుగుకు దిగుతూ హైడ్రోజన్ అయాన్లను వదులుతుంది, పీహెచ్ తగ్గుతుంది. కాల్షియం ఎంత బైకార్బొనేట్‌కు విరుగుడో 1953లో పాల్ కోల్‌బాఖ్ లెక్క కట్టాడు. మూడున్నర పాళ్ల కాల్షియానికి ఒక పాలు క్షారత పోతుంది. మెగ్నీషియమైతే ఏడు పాళ్లు కావాలి.

◆ పిండిని చక్కెరగా మార్చే ఎంజైములకు 5.2 నుంచి 5.6 మధ్య పీహెచ్ హాయి. మాష్ కలిపిన పది పదిహేను నిమిషాలకు ఒక గరిటెడు ద్రవం స్టీలు పళ్లెంలో పోసి, అటూ ఇటూ వంచి చల్లార్చి, అప్పుడు మీటరు ముంచాలి. 65 డిగ్రీల వేడి మీదే ముంచితే సుమారు 0.3 తక్కువ చూపిస్తుంది, పైగా గాజుబుడ్డి ఆయుష్షు తగ్గుతుంది. వేడిని తానే సర్దుకుంటుందని డబ్బా మీద రాసి ఉన్నా నమ్మకండి. అది సర్దేది ఎలక్ట్రోడ్ లెక్కను మాత్రమే, మాష్‌లో నిజంగా మారే పీహెచ్‌ను కాదు. ఆ తర్వాత మాష్ గింజలను కడిగిన చివరి నీళ్ల పీహెచ్ 6 దాటితే పొట్టులోని వగరు బీరులోకి దిగుతుంది.

◆ బీరులో ఏవి వాడాలో కట్టడి చేసిన 1516 నాటి శుద్ధి చట్టం వారసత్వంగా జర్మన్ బ్రూయర్లకు మాష్‌లో సీసాలోని ఆమ్లం పోసే వీల్లేదు. వాళ్లు మాల్టునే లాక్టిక్ బ్యాక్టీరియాతో పులియబెట్టి వాడతారు. మొత్తం గింజలో 1 శాతం అలాంటిది కలిపితే పీహెచ్ సుమారు 0.1 తగ్గుతుంది. చట్టమూ నిలిచింది, పనీ జరిగింది!

◆ కుళాయి నీళ్లలోని క్లోరిన్ మాల్టులోని ఫినాళ్లతో కలిస్తే బీరు ఆసుపత్రి వాసన కొడుతుంది. దానికి విరుగుడుగా ఒక్క క్యాంప్‌డెన్ (సల్ఫైట్) మాత్ర 75 లీటర్ల నీళ్లకు చాలు.

◆ మన రెండు తెలుగు రాష్ట్రాల్లో లైసెన్సు లేకుండా మద్యం తయారుచేయడం నేరం. అమెరికాలో ఇంటి బీరుకు అనుమతినిచ్చే చట్టంపై 1978 అక్టోబరులో అధ్యక్షుడు కార్టర్ సంతకం చేశారు. అక్కడున్న మనవాళ్లకు ఈ సరదా ఉంటే, మ్యూనిక్ నీళ్ల అంకెల పట్టికను అచ్చంగా దించుకోవద్దు. పాత బ్రూయర్లు ఆ నీళ్లను మరిగించి, సున్నం తేర్చి వాడేవారు, ఆ సంగతి పట్టికలో ఉండదు. ఆర్‌ఓ నీళ్లతో మొదలుపెట్టడమే సుఖం. 20 లీటర్లకు 4 గ్రాముల జిప్సం వేస్తే చేదు స్పష్టంగా పలుకుతుంది, బదులుగా కాల్షియం క్లోరైడ్ వేస్తే నోట్లో నిండుదనం వస్తుంది. ఏది మీకు నచ్చుతుందో ముందే తేల్చుకోవాలంటే, తయారైన బీరు రెండు గ్లాసుల్లో పోసి ఒకదానిలో నాలుగు పలుకుల జిప్సం కలిపి చూడండి.