నక్షత్రనౌకకు జీర్ణోద్ధరణము

ఏబది సంవత్సరములకు పైగా ఎవరి అటకమీదనో దుమ్ము కప్పుకొని పడియుండి, కడకు నా బల్లమీదికి చేరిన ఈ ప్లాస్టిక్ నక్షత్రనౌకను మొదటిసారి చేతిలోనికి తీసికొన్నప్పుడు, ఒకనాడు దానిని అతికించిన బాలుని వ్రేలిముద్ర, కరగిన ప్లాస్టిక్‌లో గడ్డకట్టినదై, పళ్ళెమువంటి దాని ముందుభాగపు అడుగున స్పష్టముగా కనబడినది. పళ్ళెము క్రింద చుట్టవంటి దేహము. దేహమునుండి ఏటవాలుగా పైకి లేచిన రెండు పలుచని కాళ్ళు. ఆ కాళ్ళ కొనలయందు రెండు పొడవైన ఇంజిను గొట్టములు. తిన్నగా, సమాంతరముగా నిలువవలసిన ఆ గొట్టములు, కాడి మోసి డస్సిన యెడ్ల మెడలవలె, చెరియొక ప్రక్కకు వాలియున్నవి. అది బాలుని దోషము కాదు; ఈ కిట్టుకు పుట్టుకతో వచ్చిన బలహీనత.

అమెరికా టెలివిజన్‌లో స్టార్ ట్రెక్ ప్రసారము 1966 సెప్టెంబరు 8న ఆరంభమైనది. అందలి ఎంటర్‌ప్రైజ్ నౌకకు రూపకల్పన చేసినవాడు కళాదర్శకుడు మాట్ జెఫరీస్. ఆ సంవత్సరముననే ఎ.ఎం.టి. సంస్థ దాదాపు 18 అంగుళముల పొడవుగల యీ కిట్టును అంగళ్ళలోనికి తెచ్చెను. పిల్లల యాటవస్తువని దీనిని చులకన చేయరాదు. 1967లో ప్రసారమైన ‘ది డూమ్స్‌డే మెషిన్’ అను కథయందు, శిథిలమై అంతరిక్షమున తేలియాడు కాన్‌స్టెలేషన్ నౌకగా తెరమీద కనబడినది ఈ కిట్టే. పెట్టెలో వచ్చిన 1701 అను అంకెలనే తారుమారు చేసి 1017గా అంటించి, ఆ నౌకకు సంఖ్యను కల్పించిరి.

ఉద్ధరణమునకు తొలిమెట్టు విప్పుట. ఈ కిట్టులు పాలిస్టైరీన్ అను ప్లాస్టిక్‌తో చేసినవి. దానికి వాడు జిగురు, తుమ్మబంకవలె రెండు ముక్కల నడుమ పొరగా నిలుచునది కాదు. అందలి ద్రావకము రెండంచులను కరగించి, ఒకదానితో నొకటి కలియునట్లు చేసి, తాను ఆవిరియై పోవును. కావున చక్కగా అతికిన చోట విడదీయ బూనినచో ప్లాస్టిక్కే విరుగును. అదృష్టవశమున బాలురు జిగురును ఒకచోట దండిగను, వేరొకచోట పొదుపుగను పూయుదురు. పొదుపు చేసిన చోట సన్నని కత్తిమొన జొనిపి మెల్లమెల్లగా త్రిప్పినచో, టప్పుమను చిన్న శబ్దముతో అతుకు విచ్చును. పాతరంగును తీయుటకు అసిటోన్ వాడినవాడు నౌకనే పోగొట్టుకొనును, ఏలననగా అది పాలిస్టైరీన్‌ను కరగించును. ఐసోప్రొపైల్ ఆల్కహాలులో నానబెట్టి, మెత్తని పళ్ళబ్రష్షుతో రుద్దినచో పెక్కు రంగులు లొంగును.

ఇక వాలిన కాళ్ళు. గొట్టముల బరువంతయు దేహపు గాడులలో దూర్చిన చిన్న నాలుకలపై పడును. ఎడతెగని భారముక్రింద ప్లాస్టిక్ ఏండ్లతరబడి కంటికి తెలియకుండ సాగును. అటకమీది వేసవి వేడిమి అందుకు తోడగును. వంగిన కాలిని వేడినీట ముంచి, మెత్తబడగనే గాజుపలకపై అదిమి, చల్లారువరకు కదలనీయక యుంచినచో తిన్ననగును. నీరు మాత్రము తెర్లరాదు. 100 డిగ్రీల దాపున పాలిస్టైరీన్ రూపము కోల్పోవును. పిమ్మట కాలి లోప్రక్క గాడి చెక్కి, సన్నని ఇత్తడి గొట్టమును పొదిగి, దాని కొనలు ఇటు దేహములోనికి, అటు ఇంజినులోనికి చొచ్చునట్లు నిలిపి, పైన లప్పము నింపి, ఉప్పుకాగితమును తడిపి నునుపు చేయవలెను. ద్రావకపు జిగురు లోహమును కరగింపజాలదు గనుక ఇచ్చట ఎపాక్సీ వాడుదురు. చువ్వకు మారుగా బోలుగొట్టమును వాడుటవలన తీగలకు దారియు దొరకును.

ఆ దారి దీపములకొరకు. తొలినాటి పెట్టెలలో చిన్న బల్బులును వచ్చెడివి. నేడు వేడియెక్కని ఎల్.ఇ.డి. దీపములు వానికంటె మేలు. 9 వోల్టుల బ్యాటరీకి ఎర్రదీపమును నేరుగా తగిలించినచో అది మాడిపోవును. దానికి కావలసినది దాదాపు 2 వోల్టులే. మిగిలిన 7 వోల్టులను నిరోధకము భరింపవలెను: 20 మిల్లీ ఆంపియర్ల ప్రవాహమునకు లెక్క 350 ఓములని తేలును. దీపము పెట్టకమునుపే లోపలిగోడలకు నల్లరంగును, దానిపై తెలుపును పూయనిచో, పలుచని ప్లాస్టిక్ గుండ కాంతి పొంగి, లోహపునౌక కాగితపు లాంతరువలె కనబడును.

ఇంతవరకు వచ్చినవానికి ఒక ప్రశ్న యెదురగును: ఎంతవరకు మార్చవచ్చును? ఈ విషయమున నాకు గురువు వాషింగ్టన్‌లోని జాతీయ వైమానిక అంతరిక్ష ప్రదర్శనశాల. చిత్రీకరణకై 1964లో నిర్మించిన 11 అడుగుల అసలు నమూనా 1974లో ఆ సంస్థకు చేరినది. చిత్రీకరించినది ప్రధానముగా కుడివైపునే. ఎడమవైపున తీగలు దూర్చిరి, ఆ పార్శ్వము అసంపూర్ణముగనే యుండెను. దానికి పలుమారులు మరమ్మతులు జరుగగా, 1991లో పూసిన రంగు అసలుకు మించినదని పలువురు నొచ్చుకొనిరి. 2014లో మరల పని చేపట్టి, ఎక్స్ కిరణములతో లోపలిభాగములను పరీక్షించి, 1967 ఆగస్టునాటి రూపమును గమ్యముగా నిర్ణయించుకొనిరి. చిత్రీకరణకాలమున తెలిసినంతలో నౌకకు జరిగిన తుదిమార్పు అప్పటిదే. 2016లో మరల ప్రదర్శించిన ఆ నౌకకు దాదాపు అంతటను క్రొత్తరంగు వేసిరి గాని, పళ్ళెపు పైభాగమున మిగిలియున్న మొదటి పూతను మాత్రము తాకలేదు.

అందుకే నేనును ఈ కిట్టు పళ్ళెముపై ఉబ్బెత్తుగా పోతపోసిన గళ్ళగీతలను గీకివేయలేదు. అవి అసలు నమూనాకు సరిపడవని పెక్కుమంది వానిని అరగదీయుదురు; వారి శ్రమ మెచ్చదగినదే. కాని కచ్చితత్వమే కోరువారికి 2012లో వెలువడిన 1/350 ప్రమాణపు కిట్టు కలదు. 1966నాటి పొరపాట్లు 1966నాటి ప్లాస్టిక్‌లోనే దొరకును. కాలికి ఇత్తడి వెన్ను నిచ్చితిని, దీపములు వెలిగించితిని, రంగు మార్చితిని. అడుగునున్న వ్రేలిముద్రమీద లప్పము పూయలేదు.

ఎడమగొట్టమునకు అంటింపక బాలుడు మిగిల్చిన అంకెల కాగితము పెట్టెలోనే దొరికినది. తేమకు, వయస్సుకు పసుపెక్కినది. దానిని కిటికీ అద్దమునకు ఎండవైపు తిప్పి అంటించితిని. దినమునకు కొంచెముగా తెల్లబడుచున్నది.